ఏది పాయింటో అదే అలవాటు: పోటీ విద్యలకూ మిగతా యుద్ధవిద్యలకూ తేడా ఎక్కడుంది

టోక్యో ఒలింపిక్స్, 2021 ఆగస్టు 7. మగవాళ్ల కరాటేలో 75 కిలోలు పైబడిన విభాగం ఫైనల్. సౌదీ అరేబియాకి చెందిన తారెగ్ హమెదీ 4-1 ఆధిక్యంలో ఉన్నాడు. అప్పుడు అతను ఎత్తి కొట్టిన తన్ను ఇరాన్ ఆటగాడు సజాద్ గంజ్‌జాదె తలకి బలంగా తగిలింది. గంజ్‌జాదె స్పృహ తప్పి పడిపోతే స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. బంగారు పతకం మాత్రం అతనికే దక్కింది. దెబ్బ మీద అదుపు లేదని హమెదీని అనర్హుడిగా తేల్చారు. అతనికి వెండి వచ్చింది.

కొట్టినవాడు ఓడి, పడినవాడు గెలవడమేమిటని అప్పట్లో చాలామంది ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి అన్యాయం. ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల్లో గుద్దుకి 1 పాయింటు, ఒంటి మీద తన్నుకి 2, తల మీద తన్నుకి 3. అయితే తలకి వేసే దెబ్బ చర్మాన్ని తాకీ తాకనట్టు ఆగాలి. పూర్తి వేగంతో వెళ్లి చివరి అంగుళంలో ఆపగలగడమే ఆ ఆటలో నైపుణ్యం. నిజానికి అది మామూలుగా కొట్టడం కన్నా కష్టం. అలా ఏళ్ల తరబడి వేల సార్లు ఆపిన కాలు, ఆపడం తెలిసిన కాలుగానే తయారవుతుంది. దాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. ఆ సంగతి తెలియకుండా "మా అబ్బాయికి బ్లాక్ బెల్ట్ వచ్చింది, ఇక వాడి జోలికి ఎవరూ రారు" అనుకోవడంలోనే ప్రమాదం ఉంది.

పోటీ విద్యనీ మిగతావాటినీ పోల్చేటప్పుడు ఎవరి దగ్గర ఎన్ని దెబ్బలున్నాయని లెక్కపెడితే ఏమీ తేలదు. దేనికి పాయింటు ఇస్తారు, దేన్ని నిషేధించారు, రిఫరీ ఎప్పుడు ఆపుతాడు అన్నవి చూడాలి. గురువు నోటితో ఏం చెప్పినా శరీరం మాత్రం ఈ మూడింటికే తర్ఫీదు అవుతుంది.

తైక్వాండో

దీన్ని ముందు తీసుకోవడానికి కారణం, పాయింట్లు శరీరాన్ని ఎలా మారుస్తాయో ఇందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వరల్డ్ తైక్వాండో లెక్కలో ఛాతీ కవచం మీద గుద్దుకి 1, తన్నుకి 2, తిరిగి తన్నితే 4. తలకి తన్నితే 3, తిరిగి తన్నితే 5. చేత్తో మొహం మీద కొట్టకూడదు, నడుము కింద తన్నకూడదు. రెండేసి నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విరామం. కవచంలోనూ పాదానికి వేసుకునే సాక్సులోనూ సెన్సర్లుంటాయి. బరువు విభాగాన్ని బట్టి నిర్ణయించిన ఒత్తిడి తగిలితే పాయింటు నమోదవుతుంది.

ఇప్పుడు ఆ ఆటగాడు నిలబడే తీరు చూడండి. మొహం మీదికి చెయ్యి రాదని శరీరానికి తెలుసు కాబట్టి చేతులు నడుము దగ్గర వేలాడుతుంటాయి. ముందు కాలు మీద బరువు దాదాపు ఉండదు, అది గాల్లోకి లేచి అవతలివాణ్ని దూరంగా నెడుతూ ఉంటుంది. బలం ఎంతున్నా సెన్సర్ అడిగే ఒత్తిడి దాటితే చాలు, అందుకే తుంటి మొత్తం తిప్పి కొట్టే పాతకాలపు తన్ను కన్నా మోకాలి దగ్గరనుంచి విసిరే చురుకైన తన్ను లాభసాటి. తొడ మీద తన్ను పడే భయం లేదు కాబట్టి పక్కకి తిరిగి నిలబడొచ్చు. ఇవన్నీ ఆ బరిలో తెలివైన ఎంపికలే. బాక్సింగ్ వచ్చినవాడి ఎదుట ఇదే తీరులో నిలబడితే మాత్రం మొదటి జాబ్, అంటే ముందు చేత్తో వేసే చురుకైన గుద్దు, నేరుగా ముక్కు మీద పడుతుంది. ముయ్ థాయ్ (థాయ్‌లాండ్ కిక్‌బాక్సింగ్) వచ్చినవాడి ఎదుట అయితే తొడ వెనక భాగం రెండు తన్నులకే మొద్దుబారుతుంది.

తైక్వాండో ఇచ్చే లాభాన్ని కూడా చెప్పాలి. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో, ఏ క్షణంలో కదులుతాడో కొలిచే కన్ను ఈ ఆటగాళ్లకి ఉన్నంత బాగా చాలామందికి ఉండదు. కొలిచి కొలిచి వచ్చిన కన్ను అది, బొమ్మని తన్నితే రాదు.

దీనికి సరిగ్గా తలకిందులు క్యోకుషిన్ కరాటే. మసుతత్సు ఒయామా పెట్టిన ఈ శాఖ 1975లో తొలి ప్రపంచ పోటీ జరిపింది. కవచాలు లేవు, గ్లవ్స్ లేవు, ఒంటి మీద పూర్తి బలంతో గుద్దొచ్చు, తలకి తన్నొచ్చు. తలమీద గుద్దు మాత్రం నిషేధం. ఉత్త పిడికిలితో మొహాలు పగలగొట్టుకుంటే పోటీ సాగదు కాబట్టి ఆ నిషేధానికి అర్థం ఉంది. దాని ఫలితంగా ఇద్దరూ ఛాతీకి ఛాతీ ఆనించినంత దగ్గరగా నిలబడి పక్కటెముకల మీద గుద్దుకుంటారు. దెబ్బ ఓర్చుకోవడంలో వీళ్లకి సాటి లేదు. కానీ ఆ దూరంలో గడ్డం కింద చెయ్యి అడ్డుపెట్టే అలవాటు లేకుండా నిలబడటం బయట చాలా ఖరీదైన పొరపాటు. క్యోకుషిన్ సాధన చేసేవాళ్లు వారానికి ఒక్కరోజైనా 14 లేదా 16 ఔన్సుల గ్లవ్స్ వేసుకుని, మొహానికి గుద్దులు కలిపి మెల్లగా మూడు రౌండ్లు ఆడుకుంటే ఈ లోటు చాలావరకు పూడుతుంది.

బాక్సింగ్ గురించి కొద్దిగా. 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాలతో గ్లవ్స్, మూడు నిమిషాల రౌండు, పది లెక్కపెట్టడం స్థిరపడ్డాయి. గ్లవ్స్ కింద మణికట్టుకీ పిడికిలికీ చుట్టే గుడ్డ పట్టీ నాలుగున్నర మీటర్ల దాకా ఉంటుంది. ఆ పట్టీ, గ్లవ్స్‌లోని మెత్త ఉన్నందుకే బాక్సర్ నుదుటి మీదా పుర్రె మీదా భయం లేకుండా కొట్టగలడు. ఉత్త చేత్తో అదే గుద్దు వేస్తే చిటికెన వేలి వెనక అరచేతి ఎముక, వేలి కణుపుకి కాస్త కింద, విరగొచ్చు. ఆసుపత్రుల్లో దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. పెద్ద గ్లవ్స్ వెనక దాక్కునే అలవాటు కూడా ఉత్త చేతులతో పనిచేయదు, సందుల్లోంచి దెబ్బ దూరిపోతుంది. ఇన్ని చెప్పినా, గుద్దు వస్తున్నప్పుడు కళ్లు మూసుకోకుండా చూడటం నేర్పడంలో బాక్సింగ్‌ని మించినది నాకు కనిపించదు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ టైటిళ్లు గెలిచిన పోటీల వీడియోలు దొరికితే ఆమె చేతులు వదిలేసి కళ్లని గమనించండి. అవతలి గుద్దు బయల్దేరకముందే పాదం జరుగుతుంది.

జూడో: తీసేయడం వల్ల వచ్చిన బలం

ఈ విషయం మొత్తానికి కీలకం జూడో చరిత్రలో ఉంది. 1882లో జిగోరో కానో టోక్యోలోని ఎయిషోజి గుడిలో పన్నెండు చాపల గదిలో కోడోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన కితో ర్యూ, తెన్జిన్ షిన్యో ర్యూ అనే రెండు జుజుత్సు సంప్రదాయాలు నేర్చుకున్నాడు. వాటిలో కళ్లు పొడవడం, మర్మస్థానాల మీద కొట్టడం, వేళ్లు విరవడం లాంటివి ఉండేవి. కానో వాటిని పారేయలేదు. కతాల్లో, అంటే ఇద్దరు కలిసి ముందే నిర్ణయించిన క్రమంలో చేసే అభ్యాసాల్లో దాచాడు. రోజువారీ రందోరిలో, అంటే స్వేచ్ఛగా పట్టుకునే సాధనలో, పూర్తి బలంతో వేసినా అవతలివాడు లేచి మళ్లీ పట్టుకోగలిగేవే ఉంచాడు. పడేయడం, అదిమిపట్టడం, గొంతు బిగించడం, మోచేతి కీలు మడవడం.

ఇందులోని లెక్క చూడండి. వారానికి 3 క్లాసులు, క్లాసుకి 5 నిమిషాల చొప్పున 6 రౌండ్ల రందోరి అనుకుందాం. వారానికి గంటన్నర అవుతుంది. ఏడాదికి 45 వారాలు వేసుకుంటే 67 గంటల పైమాటే. అంతసేపు, తనని పడనివ్వకూడదని గట్టిగా పట్టుబట్టిన మనిషి మీద ప్రయత్నిస్తాడు. కన్ను పొడిచే దెబ్బని అన్నేళ్లూ గాల్లోనే, ఒప్పుకుని నిలబడ్డ జోడీ మీదే అభ్యసించినవాడికి ఆ 67 గంటలకి బదులు దొరికేది సున్నా. "మాది ప్రాణాంతకమైన విద్య, అందుకే స్పారింగ్ (నిజంగా అడ్డుకునే జోడీతో సాధన) పెట్టం" అనే మాటలో లోపం ఇదే. ప్రాణాంతకమైనదాన్ని స్పారింగ్ చేయలేకపోవడం నిజమే, కానీ దాని చుట్టూ ఉండే పట్టు, తోపు, సమతూకం, తొందర, ఊపిరాడని స్థితి, ఇవన్నీ సాధన చేయొచ్చు. ఆ సాధన లేనివాడికి కన్ను దాకా వేలు చేరదు.

అదే జూడో తర్వాత పూర్తిగా పోటీ ఆటగా మారినప్పుడు ఇంకో సంగతి జరిగింది. 1964లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. 2010లో కాళ్లు చేత్తో పట్టుకోవడం మీద ఆంక్షలు వచ్చాయి, 2013 నుంచి పూర్తిగా నిషేధం. వంగి కాళ్ల మీదికి దూకే కుస్తీ శైలి పెరిగిపోయి నిలబడి విసిరే పట్లు తగ్గుతున్నాయన్నది అంతర్జాతీయ జూడో సమాఖ్య వాదన. దీంతో రెండు కాళ్లూ పట్టి పడేసే 'మొరొతె-గారి' అనే పట్టు పోటీల నుంచి మాయమైంది. ఆ తర్వాత జూడోలోకి వచ్చిన పిల్లలు నిటారుగా నిలబడతారు. తొడల మీదికి దూకేవాణ్ని తుంటితో అణిచే స్ప్రాల్ వాళ్లలో చాలామంది ఒంట్లోకి ఎక్కదు. కుస్తీ వాడితో మొదటి రోజు కలిపి చూస్తే రెండే క్షణాల్లో వెల్లకిలా పడతారు.

ఇంకొకటి, బోర్లా ముడుచుకుని మెడ దాచుకోవడం. జూడోలో కింద కొద్దిసేపు ఏమీ జరగకపోతే రిఫరీ ఆపి నిలబెడతాడు కాబట్టి అలా ముడుచుకోవడం మంచి ఉపాయం. 20 సెకన్లు అదిమిపట్టించుకుని ఓడిపోవడం కన్నా నయం. బయట ఆ భంగిమ అంటే తలనీ వెన్నునీ ఎదుటివాడి కాళ్లకి అప్పగించడమే. దీనికి మందు సులువు. వారంలో ఒక రందోరి రౌండులో "ముడుచుకుంటే ఆపేది లేదు, 5 సెకన్లలో లేవకపోతే ఓడినట్టే" అని పెట్టుకుంటే చాలు.

నిషేధాలన్నీ మెత్తదనం వల్ల వచ్చాయనుకోవద్దు. కాళ్లని కత్తెరలా వేసి పడేసే 'కాని-బసామి' అనే పట్టు ఉండేది. 1980లో అఖిల జపాన్ పోటీల్లో ప్రపంచ ఛాంపియన్ అయిన యసుహిరో యమషితా అంతటివాడి కాలి ఎముక దాంతోనే విరిగింది. పట్టు వేసినవాడి శరీర బరువంతా అవతలివాడి నిలబడ్డ కాలి మీద పక్కనుంచి పడుతుంది. అడుగు నేలకి అతుక్కుని ఉంటే మోకాలికో కాలి ఎముకకో తప్పించుకునే దారి ఉండదు. అలాంటిదాన్ని రోజూ సాధన చేయించే గురువు దగ్గర రెండేళ్లలో శిష్యులు మిగలరు.

గోదా, మ్యాటు

ఒకే విద్య రెండు నియమాల కింద రెండు రకాలుగా పెరగడం చూడాలంటే కుస్తీని చూడాలి. హైదరాబాద్ తాలీంఖానాల్లోనూ ఊళ్ల దంగళ్లలోనూ గోదా మట్టిలో ఆడే కుస్తీకి పాయింట్లు లేవు. అవతలివాడి రెండు భుజాలూ నేలకి ఆనాలి, అంతే. మట్టిని తవ్వి నూనె, పసుపు, మజ్జిగ లాంటివి కలిపి మెత్తగా ఉంచుతారు. ఒలింపిక్ ఫ్రీస్టైల్‌లో మూడేసి నిమిషాల సగాలు రెండు, మధ్యలో 30 సెకన్ల విరామం. కింద పడేసి వెనక్కి చేరితే 2 పాయింట్లు, వలయం బయటికి నెడితే 1. పది పాయింట్ల తేడా వస్తే అక్కడికే ముగుస్తుంది.

మట్టిలో ఎదిగిన పహిల్వాన్ మ్యాటు మీదికి వస్తే మొదట దెబ్బతినేది అంచు దగ్గర. గోదాలో అంచుకి విలువ లేదు కాబట్టి వెనక్కి జరగడం అతనికి ఊపిరి పీల్చుకునే దారి. మ్యాటు మీద అదే జరుగుబాటు ఒక్కో పాయింటు చొప్పున ఇచ్చేస్తుంది. రెండోది మోకాలు. మ్యాటు మీద మోకాలు జారుతుంది, కాళ్ల మీదికి దూకడం మెరుపులా సాగుతుంది. మట్టిలో మోకాలు దిగబడుతుంది. అందుకే పాత వస్తాదులు మెడ, చెయ్యి పట్టి తిప్పడానికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. మూడోది ఓపిక. తొందరపెట్టే గడియారం లేనిచోట పట్టు దొరికేదాకా ఆగడం పెద్ద గుణం. ఆరు నిమిషాల ఆటలో ఆగినవాడిని రిఫరీ నిష్క్రియ అని హెచ్చరిస్తాడు.

ఈ రెంటిలో ఏది అసలైనది అనే తగవు నాకు అనవసరంగా అనిపిస్తుంది. రెండు చోట్లా ఎదుటివాడు పూర్తి బలంతో అడ్డుకుంటాడు. అందుకే మట్టి పహిల్వాన్ కొన్ని నెలల్లో మ్యాటుకి సర్దుకోగలడు. స్పారింగ్ ఎరగని విద్య నుంచి వచ్చినవాడికి ఆ సర్దుబాటుకి ఏళ్లు పడుతుంది.

పోటీలోకి ఒదగనివి

కలరిపయట్టు తీసుకోండి. కేరళలో కలరి అంటే నేలమట్టానికి కిందికి తవ్విన, సంప్రదాయం ప్రకారం 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు ఉన్న చోటు. నేర్పే వరుస ఇలా ఉంటుంది: మొదట మెయ్‌తారి, అంటే ఒంటిని వంచి సాగదీసే కసరత్తు. తర్వాత కోల్‌తారి, కర్రలు. ఆ తర్వాత అంకతారి, కత్తి, డాలు, ఈటె, ఉరుమి. చివరికి వెరుంకై, ఉత్త చేతులు. నేటి పోటీ విద్యలు చాలావరకు ఈ చివరి మెట్టులోనే మొదలై అందులోనే ముగుస్తాయి. ఆయుధం చేతబట్టుకుని తిరిగిన మనుషులు కూర్చిన పాఠక్రమం ఇది. ఉత్త చేతులతో మిగలడమంటే వాళ్ల దృష్టిలో ఆఖరి గతి.

ఇందులో ఇద్దరు కలిసి చేసే పోరాటాలు వాయ్‌తారి, అంటే గురువు నోటితో పలికే ఆజ్ఞల వరుస ప్రకారం సాగుతాయి. ఉరుమి రెండు వైపులా పదునున్న, వంగే ఇనుప పట్టీ. దానితో స్వేచ్ఛగా స్పారింగ్ చేయాలంటే ఎవరో ఒకరు తెగుతారు. అందుచేత క్రమం కంఠస్థం చేయించడం తప్ప దారి లేదు. ఇచ్చేది ఏమిటంటే పాదాల నిలకడ, పదును దగ్గర ఒంటికి ఉండాల్సిన మర్యాద, దెబ్బ పడే చోటు మీద గురి. ఇవ్వలేనిది, ఎదుటివాడు వరుస తప్పినప్పుడు ఏం చేయాలన్న అలవాటు.

2022 జూన్‌లో హరియాణాలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లోకి కలరిపయట్టు, పంజాబ్ కర్ర-కత్తి విద్య గత్కా, మణిపూర్ కత్తి-ఈటె విద్య తాంగ్‌తా, స్తంభం మీద విన్యాసాల మల్లఖంబ్ వచ్చాయి. పిల్లలకి గుర్తింపు, ప్రోత్సాహం దొరకడం సంతోషించాల్సిందే. కానీ మర్మం మీద గురికి న్యాయనిర్ణేత మార్కులు వేయలేడు. ఎంత ఎత్తుకి ఎగిరాడు, ఒళ్లు ఎంత వంగింది, వరుస ఎంత శుభ్రంగా ఉంది అన్నవాటికి వేయగలడు. కాబట్టి వచ్చే తరం ఎత్తుకి ఎగరడంలో అద్భుతంగా తయారవుతుంది, ఒట్ట అనే వంకర కర్రతో దగ్గరినుంచి మర్మాలు నేర్పే పాఠం మాత్రం కొద్దిమంది గురుక్కళ్ల (కలరి గురువుల) దగ్గర మిగులుతుంది. రెంటినీ విడివిడిగా, పేరు పెట్టి నేర్పితే నష్టం లేదు. ఒకదాన్ని చూపించి ఇంకొకటి నేర్పుతున్నామనడం మాత్రం తగదు.

మన కర్రసాముకీ ఇదే వర్తిస్తుంది. జాతరల్లో, పీర్ల పండుగ ఊరేగింపుల్లో చూసే గిరగిర తిప్పుడు మణికట్టుకీ భుజానికీ మంచి కసరత్తు, చుట్టూ మనుషులు దగ్గరికి రాకుండా చేస్తుంది కూడా. అయితే తిప్పుడు వేరు, దెబ్బ వేరు. పూర్తి చుట్టు తిరిగే కర్ర వెనక్కి వెళ్లిన క్షణంలో ఎదుటివాడు ఒక్క అడుగు లోపలికి వేస్తే ఆ కర్ర అతని భుజం వెనక ఎక్కడో పడుతుంది, బలం ఉండదు. దీన్ని పరీక్షించుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. కనుబొమ్మల ఎత్తు కర్రకి రెండు చివరలా ఒక్కో మూరెడు మేర ఫోమ్ చుట్టి టేపు వేయండి. ఫెన్సింగ్ మాస్క్ లాంటి మొహపు జాలీ, క్రికెట్ బ్యాటింగ్ గ్లవ్స్, మోకాలికి ప్యాడ్లు తప్పనిసరి. నిమిషం రౌండ్లు ఆడండి, మొదటి నెల మోచేతి కింద, మోకాలి కింద మాత్రమే గురి. వేళ్ల మీద పడే దెబ్బలే ఎక్కువని మొదటి రోజే తెలుస్తుంది, గ్లవ్స్ లేకుండా మొదలుపెట్టవద్దన్నది అందుకే.

ఈ సాధనలో ఒక షరతు తప్పక పెట్టుకోవాలి. ఇద్దరికీ ఒకేసారి తగిలితే ఇద్దరూ ఓడినట్టు. ఫెన్సింగ్‌లో ఎపే అనే కత్తితో ఆడేటప్పుడు సెకనులో 25వ వంతు వ్యవధిలో ఇద్దరూ పొడుచుకుంటే ఇద్దరికీ చెరో పాయింటు. 14-13తో ముందున్నవాడు కావాలనే ఎదురు పొడుచుకుని 15-14తో గెలవొచ్చు. ద్వంద్వయుద్ధం నుంచి పుట్టిన ఆటలోనే ఇద్దరూ చచ్చే ఎత్తు గెలుపు ఎత్తుగా మారింది.

వెదురు కత్తులతో ఆడే జపాన్ విద్య కెండోలో ఈ జబ్బుకి ఒక విరుగుడు పెట్టుకున్నారు. తల, ముంజేయి, పక్కటెముకలు, గొంతు, ఈ నాలుగు చోట్లే దెబ్బకి విలువ. దెబ్బ తగిలినంత మాత్రాన పాయింటు రాదు. కేక, అడుగు, వెదురు కత్తి కలిసి పడాలి, కొట్టిన తర్వాత కూడా ఎదుటివాడి మీద ధ్యాస సడలకూడదు. దాన్ని జాన్‌షిన్ అంటారు. గెలిచానని చేతులెత్తి సంబరపడితే ఇచ్చిన పాయింటు వెనక్కి తీసుకోవచ్చు. అయినా, 510 గ్రాములకి కాస్త పైన ఉండే వెదురు షినాయితో చేసే మెరుపు తట్టు, దానికి రెట్టింపు బరువుండే ఇనుప కత్తితో కోతగా మారదు. ఆ తేడా తెలిసిన కెండో వాళ్లు విడిగా కత్తి కతాలు కూడా చేస్తారు.

అన్నీ కలిపినా ఖాళీలు ఉంటాయి

1993 నవంబర్ 12న డెన్వర్‌లో వేర్వేరు యుద్ధవిద్యల వాళ్లని ఒకే బరిలో కలిపే యూఎఫ్‌సీ పోటీ మొదటిసారి జరిగినప్పుడు బరువు విభాగాలు లేవు. ఒకాయన ఒక చేతికే గ్లవ్ వేసుకుని వచ్చాడు. రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని లొంగదీసి, నేల మీద పోరాటం తెలియకపోతే ఎంత బలమైన తన్ను అయినా పనికిరాదని చూపించాడు. 2001లో న్యూజెర్సీలో ఏకీకృత నియమాలు కుదిరాయి. అప్పటినుంచి ఎంఎంఏ, అంటే గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన మిశ్రమ యుద్ధవిద్య, ఒక ఆట. మిగతా ఆటల కన్నా విశాలమైనది, అంతే.

అందులోనూ నియమం శరీరాన్ని వంచింది. చాలా ఏళ్లు, చెయ్యి నేలకి ఆనించినవాణ్ని కింద ఉన్నట్టుగా లెక్కగట్టేవాళ్లు, కింద ఉన్నవాడి తలకి మోకాలితో కొట్టకూడదు. దాంతో నిలబడే ఉండి, వంగి, ఒక చెయ్యి నేలకి తగిలించి మోకాలి దెబ్బనుంచి తప్పించుకోవడం ఒక ఉపాయంగా స్థిరపడింది. 2024 నవంబర్‌లో నిర్వచనం మార్చి, చేతులు ఆనితే లెక్కకాదన్నారు. తలని కాపాడాల్సిన చేత్తో నేలని తాకడం, నియమం పక్కన పెడితే, ఆత్మహత్యా సదృశం. నేల మీద పట్లతో సాగే బ్రెజిలియన్ జియుజిత్సులో తనంతట తానే వెల్లకిలా కూర్చుని ఎదుటివాణ్ని కాళ్ల మధ్యకి లాగడమూ ఇలాంటిదే. పడేస్తే 2, కాళ్లు దాటి వస్తే 3, గుండెల మీద ఎక్కి కూర్చుంటే 4 పాయింట్లు ఉన్న ఆటలో కిందినుంచి తిప్పేసి 2 సంపాదించడం తెలివి. సిమెంటు రోడ్డు మీద, పక్కన అవతలివాడి స్నేహితుడు నిలబడి ఉన్నప్పుడు కాదు.

ఆత్మరక్షణ పేరుతో నడిచే తరగతులకి ఇంకో రకం పరీక్ష కావాలి. చాలాచోట్ల కత్తి లాక్కునే పాఠంలో దాడిచేసేవాడు ఒక్కసారి పొడిచి చెయ్యి చాపి అలాగే నిలబడతాడు. పాత తెల్ల టీషర్టు వేసుకుని, కళ్లకి అద్దాలు పెట్టుకుని, అవతలివాడి చేతికి మూత తీసిన లావు స్కెచ్ పెన్ను ఇవ్వండి. ఖాళీ చేత్తో కాలరు పట్టుకోమని, పెన్నుతో పొడిచి వెంటనే లాక్కుని మళ్లీ మళ్లీ పొడవమని చెప్పండి. 20 సెకన్లు చాలు. మెడ, పొట్ట, మోచేతి లోపలివైపు ఎన్ని గీతలు పడ్డాయో చూసుకోండి. తర్వాత నాలుగు మీటర్ల దూరంలో తలుపు తెరిచి పెట్టి, ఈసారి లక్ష్యం కత్తి లాక్కోవడం కాక తలుపు దాటడం అని చెప్పి మళ్లీ చేయండి. రెండు టీషర్టులూ పక్కపక్కన పెడితే ఏది నేర్పాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎక్కడ చేరాలో తేల్చుకోవడానికి ఒక క్లాసు మొత్తం పక్కన కూర్చుని చూడండి. గోడ మీద ఉన్న కప్పులు, సర్టిఫికెట్లు వదిలేయండి. గంటలో ఎన్ని నిమిషాలు శిష్యులు నిజంగా అడ్డుకునే జోడీతో పనిచేశారు? పెద్దవాళ్ల తరగతిలో పది నిమిషాలు కూడా లేకపోతే అది కసరత్తు క్లాసు. కసరత్తుగా మంచిదే కావచ్చు. గురువు వేసిన పట్టు ఒక్కసారైనా ఫలించకుండా పోయిందా, అప్పుడాయన ఏం చేశాడు? శిష్యుణ్ని "సరిగా పట్టుకోలేదు" అని కసిరితే జాగ్రత్తపడండి, "ఇలా అడ్డుకుంటే అలా వెళ్లాలి" అని చూపిస్తే అక్కడ నేర్చుకోవడానికి ఉంది. జోడీలను బరువు చూసి కలుపుతున్నారా, లొంగినట్టు తట్టగానే వదులుతున్నారా అన్నవీ గమనించండి. పదేళ్ల లోపు పిల్లలకైతే తలకి దెబ్బలు లేని జూడో, కుస్తీ నాకు మొదటి ఎంపిక. పడటం నేర్చుకుంటారు, ఆ ఒక్క విద్య సైకిలు మీదనుంచి పడ్డప్పుడు కూడా పనికొస్తుంది.

పోటీ విద్యలు నేర్పని ఇంకొకటి చట్టం. రిఫరీ లేనిచోట ఆపాల్సిన బాధ్యత మనదే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. అందులో 37వ సెక్షన్ హద్దులు చెబుతుంది. రక్షణకి అవసరమైనంత మేరకే హాని చేయాలి, పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. ఎదుటివాడు పడిపోయి దాడి ఆగిపోయాక వేసే ఒక్క తన్ను మిమ్మల్ని ముద్దాయిని చేయగలదు. పట్టు విద్యల్లో దీనికొక వెసులుబాటు ఉంది, ఎంత బిగించాలో చేతిలో ఉంటుంది. అదే వెసులుబాటులో ఒక ప్రమాదమూ ఉంది. వెనకనుంచి మెడ రెండు పక్కలా సరిగా బిగిస్తే పది సెకన్లు తిరిగేసరికి స్పృహ పోతుంది. మ్యాటు మీద అవతలివాడు అంతకుముందే తట్టి లొంగుతాడు. వీధిలో మనిషికి తట్టాలని తెలియదు, గింజుకోవడం ఆగిందంటే స్పృహ తప్పిందనే అర్థం. వెంటనే వదిలేసి, మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ 112కి ఫోన్ చేయాలి.